నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పి

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి 49 ఏళ్ళు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నెల రోజులుగా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య గబగబా నడిచినా, మా మేడమెట్లు ఎక్కినా రొమ్ము మధ్యలో పట్టేసినట్టు ఉంటోందట, దవడ కూడా లాగుతోందట. కాసేపు నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. అన్నం తిన్నాక నడిస్తే ఇంకా ఎక్కువ. గ్యాస్ అని ఈనో తాగుతారు, తేన్పు వస్తే తగ్గిపోయిందంటారు. పోరుపెట్టి ఈసీజీ తీయిస్తే నార్మల్ అని వచ్చింది. ఇప్పుడు ఆ కాగితం చూపించి నా నోరు మూయిస్తున్నారు. బీపీ నార్మల్‌కి వచ్చిందని ఆర్నెల్ల కిందట మాత్రలు మానేశారు. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తారు. మా బావగారు 52 ఏళ్ళకే నిద్రలో పోయారు. ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదా? అసలు గుండె ఎలా పనిచేస్తుంది? వంటకి ఏ నూనె వాడమంటారు? సీజన్ అయ్యాక చూపించుకుంటానంటున్నారు, అప్పటిదాకా ఆగవచ్చా?
— ఒక సోదరి, బ్రాడీపేట

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. ఆగకూడదు. రేపే గుండె డాక్టరుకి చూపించండి. రేపు ఆదివారమైతే సోమవారం పొద్దున్నే. సరుకు నాలుగు రోజులు కోల్డ్ స్టోరేజీలో ఉన్నా ఏమీ కాదు. మీరు రాసిన నొప్పికి నాలుగు గుర్తులున్నాయి. శ్రమ పడితే వస్తోంది, ఆగితే పోతోంది, దవడకి పాకుతోంది, నెల కిందటి వరకూ లేదు. ఈ నాలుగూ కలిసిన నొప్పిని, కాదని తేలేదాకా, గుండెదే అనుకోవాలి. అందులోనూ ఈమధ్యే మొదలైనదాన్ని మేం మరీ భయంగా చూస్తాం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనే తప్పు చేశాను. ముప్పై ఏళ్ళు దాటింది. అప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. సంక్రాంతికి ఇంటికి వెళితే, దుగ్గిరాల దగ్గర పసుపు పండించే మా మేనమామ నన్ను పక్కకి పిలిచి, "ఒరే, కాలవ గట్టెక్కుతుంటే గొంతు దాకా పట్టేస్తందిరా, కూర్చుంటే పోతంది" అన్నాడు. అరిసెలు తిన్న రోజులు కదా అనుకుని అరుగుదలకి మాత్రలు రాసిచ్చాను. ఆయన నా మాట నమ్మాడు. నమ్మి పద్దెనిమిది రోజులు బతికాడు. పసుపు ఉడకబెట్టే బాన పక్కన కూలిపోతే ట్రాక్టరు మీద తెనాలి తెచ్చేసరికే ప్రాణం లేదు. "కూర్చుంటే పోతంది" అన్న ఆ ఒక్క మాట నేను సరిగా విని ఉంటే బాగుండేది. మీ ఉత్తరంలో మళ్ళీ అదే మాట కనిపించింది.

ఇక గుండె సంగతి. పిడికెడంత కండ, మగవాళ్ళలో 300 గ్రాముల దరిదాపు. నిమిషానికి డెబ్బై రెండుసార్లు లెక్కన రోజుకి లక్ష సార్లకు పైగా కొట్టుకుంటుంది. నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోడుతుంది. అంటే ఎండాకాలంలో మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకరు ఉంటుంది చూడండి, అలాంటివి రోజుకి దాదాపు ఒకటిన్నర. లోపల నాలుగు గదులు. ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని కుడివైపు గదులు ఊపిరితిత్తులకి పంపుతాయి. అక్కడ ప్రాణవాయువు నింపుకొచ్చిన రక్తాన్ని ఎడమవైపు గదులు ఒళ్ళంతటికీ పంపుతాయి. వెళ్ళిన రక్తం వెనక్కి రాకుండా నాలుగు కవాటాలు. ఇదంతా మీ అబ్బాయి హైస్కూల్లోనే చదివి ఉంటాడు.

పాఠంలో అంతగా చెప్పని సంగతి ఒకటుంది, మీవారి నొప్పికి మూలం అదే. రోజంతా రక్తంలో మునిగి ఉండే గుండె, తన గదుల్లో ఉన్న ఆ రక్తాన్ని తాను తాగలేదు. దాని కూడు వేరే దారిన రావాలి. ఎడమ గది నుంచి బయల్దేరే పెద్ద ధమని మొదట్లోనే, కవాటానికి కాస్త పైన, రెండు చిన్న కంతలుంటాయి. గుంటూరు మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది నేను వాటిని వేలితో తడిమి చూశాను. ఒక్కోదానిలో కందిగింజ పడుతుంది, అంతే. ఆ రెండు కంతల నుంచి బయల్దేరిన రక్తనాళాలు గుండె బయటి పొర మీద తీగల్లా అల్లుకుని, అక్కడి నుంచి కండలోపలికి దిగుతాయి. వీటినే కరోనరీ నాళాలంటాం.

ఇంకో చిత్రం వినండి. గుండె పిండుకున్నప్పుడు తన కండలో ఉన్న నాళాలను తానే నొక్కేసుకుంటుంది. అందుకని ఎడమవైపు కండకి రక్తం ఎక్కువగా అందేది రెండు దెబ్బల మధ్య సందులోనే. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక్కో దెబ్బకి సెకనులో ఎనిమిది పదోవంతులు పడుతుంది. అందులో పిండుకోవడానికి మూడు వంతులు పోతే, తినడానికి ఐదు వంతులు మిగులుతుంది. మెట్లెక్కి గుండె నిమిషానికి నూట ఇరవై కొడుతోందనుకోండి, ఆ సందు పావు సెకనుకు పడిపోతుంది. పని పెరిగింది, తిండి వేళ తగ్గింది. పైగా గుండె కండ మామూలప్పుడే తనకందిన రక్తంలోంచి ప్రాణవాయువును మూడింట రెండు వంతులకు పైగా లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే ఒకటే దారి, ఇంకా రక్తం రావాలి. నాళం బాగుంటే వెడల్పై ఆ రక్తాన్ని ఇస్తుంది. గోడలో కొవ్వు పేరుకుని దారి డెబ్బై శాతం మూసుకుపోయి ఉంటే ఇవ్వలేదు.

మన పశ్చిమ డెల్టా కాలువలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సీతానగరం దగ్గర బ్యారేజీలో నీళ్ళు తగ్గితే ముందు ఎండేది తల దగ్గరి చేలా? కాదు. రేపల్లె, నిజాంపట్నం వైపు శివారు చేలు. గుండెలో కూడా నాళాలు పైనుంచి లోపలికి దిగుతాయి కనుక, అన్నిటికన్నా లోపలి పొరది శివారు ఆయకట్టు. తడి తగ్గితే ముందు ఎండేది అదే. మీవారు టిక్కీల మధ్య నడుస్తున్నప్పుడు ఆ లోపలి పొర దాహంతో అరుస్తోంది. ఆగగానే గుండె నెమ్మదిస్తుంది, సందు పెరుగుతుంది, తడి అందుతుంది, నొప్పి పోతుంది. ఆ రెండు మూడు నిమిషాల లెక్క ఇదే. భోజనం తర్వాత ఎక్కువ కావడానికి కారణం కూడా పొట్టలో గ్యాస్ కాదు. తిన్నాక పేగులకి రక్తం ఎక్కువ కావాలి, గుండెకి ఆ పని కూడా మీద పడుతుంది, దాని మీద నడక.

మరి ఈసీజీ ఎందుకు నార్మల్ వచ్చిందంటారా? అది తీసింది మంచం మీద పడుకోబెట్టి. కాగితం మీద ఎక్కేది పది సెకన్ల సంగతి. పడుకున్న గుండెకి ఆ సన్నటి దారి కూడా సరిపోతుంది. గోడనీడన బీడీ కాల్చుకుంటున్న హమాలీ దగ్గరికెళ్ళి "నడుం నొప్పిగా ఉందా" అని అడిగితే లేదనే అంటాడు. టిక్కీ భుజానికెత్తాక అడగాలి. ఇలా శ్రమకి నొప్పి వచ్చేవాళ్ళలో దాదాపు సగం మందికి, నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గానే ఉంటుంది. ఆ కాగితాన్ని పారేయమనడం లేదు, డాక్టరుకి చూపించండి, రేపు తీసేదానితో పోల్చడానికి పనికొస్తుంది. దాన్ని భరోసాగా మాత్రం బీరువాలో దాచుకోవద్దు.

తేన్పు మాట కూడా తేల్చేద్దాం. గుండె అడుగు గోడ, రొమ్మునీ పొట్టనీ వేరుచేసే ఉదరవితానం అనే కండ పొర మీద కూర్చుని ఉంటుంది, దాని కిందే జీర్ణాశయం. గుండె నుంచి వచ్చే నరాలు, రొమ్ము నుంచి, ఎడమ చేతి నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట కలుస్తాయి. కబురు ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు పోల్చుకోలేదు. ఒకరికి చేయి లాగుతుంది, ఒకరికి దవడ, ఇంకొకరికి పొట్ట పైభాగం. గుండెపోటులో కొందరికి వాంతి, వికారం తప్ప ఇంకేమీ ఉండదు. ఈనో తాగడానికి ఆగారు, నిలబడ్డారు, గ్లాసులో కలుపుకున్నారు, ఈలోపు మూడు నిమిషాలు గడిచాయి. తగ్గించింది ఈనో కాదు, ఆగడం. షుగర్ ఉన్నవాళ్ళకి నరాలు మొద్దుబారి ఈపాటి నొప్పి కూడా తెలియకపోవచ్చు. మీవారి షుగర్ గురించి మీరు రాయలేదు, అది కూడా చూపించండి.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే ఆయన భయం కొంత తగ్గుతుంది. ఇంకోసారి ఈసీజీ తీస్తారు, గుండె కండ దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయవచ్చు. ఎకో తీస్తారు, అంటే గర్భిణులకి తీసే స్కానింగు లాంటిదే, గుండెకి. షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలు ఉంటాయి. ఆపైన పరిస్థితిని బట్టి, నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్లో, సీటీ యాంజియోనో, మామూలు యాంజియోగ్రామో. ట్రెడ్‌మిల్ చేయవచ్చా లేదా అన్నది డాక్టరే తేల్చాలి. ప్యాకేజీలో ఉందని నేరుగా డయాగ్నస్టిక్ సెంటరుకి వెళ్ళి ట్రెడ్‌మిల్ ఎక్కించకండి. "ఎంత దూరం నడవగలరో చూద్దాం" అని మీరు ఇంట్లో పరీక్షలు పెట్టవద్దు.

యాంజియోగ్రామ్ అంటే స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి గొట్టం) వేసేస్తారని చాలామంది పారిపోతారు. అది దారులు చూసే పరీక్ష. నిలకడగా ఉన్న నొప్పికి మాత్రలతో మొదలుపెట్టడం మంచి వైద్యమే. అలాంటివాళ్ళలో అందరికీ స్టెంటు వేసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. ఎడమవైపు ప్రధాన నాళమే మూసుకుపోతున్నా, నొప్పి పెరుగుతూ వస్తున్నా మాత్రం లెక్క వేరు. అప్పుడు స్టెంటో, బైపాసో ప్రాణం నిలబెడుతుంది. మీకు సందేహముంటే యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ఇంకొక డాక్టరు మాట వినండి, ఎవరూ తప్పు పట్టరు. డబ్బు సంగతికొస్తే, 2017లో కేంద్రం స్టెంట్ల ధరకి కళ్ళెం వేసింది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే గుండె చికిత్సలకి పనికొస్తుంది. మీ ఊళ్ళోని ప్రభుత్వ పెద్దాసుపత్రిని చిన్నచూపు చూడకండి. 2016లో అక్కడ గుండె మార్పిడి కూడా చేశారు.

బీపీ మాత్రల విషయంలో మీవారి మీద నాకు కోపం లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేసే పనే ఇది. బీపీ నార్మల్‌కి వచ్చింది మాత్ర వల్ల. గొడుగు కింద తడవడం లేదని గొడుగు మూసేస్తే ఏమవుతుంది? పైగా బీపీ పెరిగితే తెలుస్తుందనుకుంటారు, తలనొప్పి వస్తుందనుకుంటారు. ఏ కబురూ రాదు. లోపల నాళాల గోడలు మాత్రం రోజూ ఆ దెబ్బ తింటూనే ఉంటాయి. పాత మాత్రల అట్ట రేపు తీసుకెళ్ళండి. అదే కొనసాగించాలా, మార్చాలా అన్నది డాక్టరు చెబుతారు.

సిగరెట్ల దగ్గర నేను బేరమాడను. ఐదారే కదా అంటారు, రోజుకి ఒకటైనా నాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది, రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. గుండెపోటు వచ్చేది అలాగే. నాళం గోడలోని కొవ్వు ముద్ద మీది పలచని పొర చిట్లుతుంది, అది పుండు అనుకుని శరీరం గడ్డ కట్టేస్తుంది, నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. ముప్పై, నలభై శాతం అడ్డు ఉన్నచోట కూడా ఇలా జరగవచ్చు. మీ బావగారికి మునుపు ఏ నొప్పీ లేకపోయి ఉంటే, అది ఒక కారణం కావచ్చు. సిగరెట్ మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. ఏ మాత్రా అంత మేలు చేయదు. అన్నగారు 55 లోపే పోయారంటే, తమ్ముడికి అది లెక్కలోకి వచ్చే ముప్పు. మీ పిల్లలకి పాతికేళ్ళ లోపే ఒకసారి కొలెస్ట్రాల్ చూపించండి.

నూనె గురించి అడిగారు. ఏ నూనె అన్నదానికన్నా ఎంత అన్నదే ముఖ్యం. మనిషికి నెలకి అర లీటరు దాటనివ్వకండి. నలుగురున్న ఇంట్లో రెండు లీటర్లు. వేరుశనగ, నువ్వుల నూనె, తవుడు నూనె, ఏదైనా పరవాలేదు, మార్చి మార్చి వాడితే ఇంకా మంచిది. పామాయిల్, డాల్డా తగ్గించండి. మూకుట్లో మిగిలిన నూనె మళ్ళీ కాచవద్దు. సాయంత్రం యార్డు బయట తినే మిర్చి బజ్జీ నూనె పొద్దుటి నుంచి కాగుతున్నదే. కారం గురించి కంగారు పడకండి, గుంటూరు వాళ్ళని కారం మానమనేంత పాపం నేను చేయను, కారం గుండెకి చెడు చేస్తుందని ఎక్కడా తేలలేదు. చేటు చేసేది ఉప్పు. మనిషికి రోజుకి అన్నీ కలిపి ఒక చెంచా, అంటే ఐదు గ్రాముల లోపు ఉండాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు — మన విస్తరిలో ఉప్పు దాక్కునే చోట్లు ఇవి. పచ్చడి మానేయమనను, మొదటి ముద్దకి మాత్రం పెట్టండి. రెండో అన్నానికి పప్పు, బీరకాయ, తోటకూర. అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచండి. వారానికి రెండుసార్లు చేపల పులుసు పెట్టండి.

నడక ఆయనకి ఇప్పుడు కాదు. డాక్టరు సరేనన్నాక వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట. ఎండ ముదరకముందు స్టేడియం చుట్టూ.

ఇంటి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించండి. నొప్పి కూర్చున్నా వస్తే, పది నిమిషాలు దాటితే, చల్లని చెమట పట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108. స్కూటరు మీద తీసుకెళ్ళవద్దు, ఆయన్ని కారు నడపనివ్వవద్దు. ఆస్పిరిన్ పడనివాళ్ళు, అల్సర్ వల్ల రక్తస్రావం ఉన్నవాళ్ళు కాకపోతే 300 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలి మింగించండి. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ డాక్టరు రాసిస్తేనే, కూర్చోబెట్టి ఇవ్వాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. గడ్డ కరిగించే ఇంజెక్షను ఎంత తొందరగా పడితే అంత కండ దక్కుతుంది, పన్నెండు గంటలు దాటితే దాని వల్ల ఉపయోగం దాదాపు లేనట్టే. మన ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఆ ఇంజెక్షను ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. మనిషి స్పృహ తప్పి ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య ఎముక మీద రెండు చేతులూ పెట్టి, రెండంగుళాల లోతున, నిమిషానికి నూరు నుంచి నూట ఇరవైసార్లు, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉండాలి. మీ అబ్బాయికి ఇది నేర్పించండి.

ఇక మీ సంగతి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ గురించి ఒక్క మాట లేదు. మీ వయసెంత? మీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? ఆడవాళ్ళకి గుండెజబ్బు రాదన్నది నిజం కాదు. నెలసరి ఆగాక ముప్పు మగవాళ్ళతో సమానం కావడం మొదలవుతుంది. కాన్పు సమయంలో మీకు బీపీగానీ, షుగర్‌గానీ వచ్చి ఉంటే, ప్రసవం తర్వాత అవి పోయినా, ఆ ముచ్చట డాక్టరుకి చెప్పాలి. మనవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ గుండెపోటు "నీరసం", "అలసట", "వెన్నునొప్పి" అన్న పేర్లతోనే మొదలవుతుంది. పిండి రుబ్బుతుంటే ఆయాసం వచ్చినా, ఇదివరకటి పనికే ఒళ్ళు సహకరించకపోయినా ఊరుకోవద్దు. రేపు ఆయనతో వెళ్ళినప్పుడు ఆ బీపీ పట్టీ మీ చేతికి కూడా చుట్టించుకోండి.

వెళ్ళేముందు ఒక కాగితం మీద నొప్పి ఏయే రోజు, ఏం చేస్తుండగా, ఎంతసేపు వచ్చిందో రాసి పట్టుకెళ్ళండి. ఆయన అక్కడికెళ్ళాక "ఏమీ లేదు డాక్టర్ గారూ, మా ఆవిడే కంగారు" అంటారు, నాకు తెలుసు. ఆ కాగితం మీరే డాక్టరు చేతిలో పెట్టండి. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఒక అంకె ఉంటుంది, గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి వెళుతోందో చెప్పేది అది, 60 శాతం అని చూసి నలభై శాతం గుండె పోయిందని హడలిపోకండి. ఏ గుండె కూడా నిండినదంతా ఒకేసారి ఖాళీ చేయదు, 55 దాటితే బాగున్నట్టే. ఆ అంకె, మీ ఇద్దరి బీపీ నాకు రాయండి. ఈసారి మీ వయసు కూడా.